పిత్తపరిగెల పేర్లు: కొల్లేట్లో ఆరు రోజులు

మొదటి రోజు

తెల్లవారుతుండగా ఏలూరు స్టేషన్‌లో దిగాం, నేనూ మా మేనల్లుడూ. వాడు మత్స్యశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. నేను వరంగల్ దగ్గర ఒక బడిలో జీవశాస్త్రం చెబుతాను. ఆరేళ్ల కిందట ఏడో తరగతి పిల్ల ఒకతె, "టీచర్, మన చెరువులో ఎన్ని రకాల చేపలున్నాయి?" అని అడిగింది. కొర్రమట్ట, బొచ్చె, రవ్వ, జెల్ల వరకూ చెప్పి ఆగిపోయాను. ఆ సాయంత్రం చెరువు గట్టు మీద జాలరి వల దులుపుతుంటే చూశాను. నేను పేరు చెప్పగలిగిన చేపల కంటే చెప్పలేనివే ఎక్కువ పడ్డాయి. అప్పటి నుంచి సెలవు దొరికితే చాలు, ఏదో ఒక నీటి దగ్గరికి వెళుతున్నాను. కొల్లేటికి రావడం ఇదే మొదటిసారి.

మా సామానులో ముఖ్యమైనది నేను అతికించుకున్న గాజు పెట్టె. వెడల్పు రెండంగుళాలే. అందులో వేసిన చేప అటూ ఇటూ తిరగలేదు కాబట్టి రెక్కలు విప్పి పక్కవాటుగా నిలబడుతుంది. వెనక అద్దానికి సెంటీమీటర్ల కొలత అతికించాను. ఒక్క ఫొటోలో పొడవూ, రెక్కల ముళ్లూ, పొలుసుల వరుసా అన్నీ వచ్చేస్తాయి. చేపను చంపాల్సిన పని లేదు. ఇది కాక రెండు చేతివలలు, మూత ఉన్న బకెట్లు, బ్యాటరీతో నడిచే గాలి పంపు, ఉప్పదనం కొలిచే పరికరం తెచ్చుకున్నాం.

ఏలూరు నుంచి కైకలూరు వైపు ఆటోలో బయల్దేరాం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంటుంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు లాంటి వాగులన్నీ వచ్చి ఇందులో కలుస్తాయి. నీళ్లు సముద్రానికి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. సముద్ర మట్టం నుంచి నేల ఎత్తును చూపే గీతను కాంటూరు అంటారు. ఇక్కడ ఆ మాట ఇంజనీర్లదే కాదు, టీ కొట్టు దగ్గర కూడా వినిపిస్తుంది. "మాది ఐదో కాంటూరు లోపలండి" అన్నాడు ఆటో నడిపే అబ్బాయి, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. ఐదో కాంటూరు వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. పదో కాంటూరు వరకు నీళ్లు నిలిస్తే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది.

ఇవన్నీ చదువుకునే వచ్చాను. అయినా పెద ఎడ్లగాడి వంతెన మీద ఆటో ఆపించి చూస్తే, చదివినదానికీ కళ్ల ముందున్నదానికీ పొంతన కుదరడానికి కొంతసేపు పట్టింది. ఒక పక్క గుర్రపుడెక్క పచ్చగా మందంగా పేరుకుపోయి ఉంది. దాని వెనక కిక్కిస, ఇంకా వెనక ఆకాశం రంగు నీళ్లు. దారి పొడుగునా చెరువు గట్లు, మేత బస్తాలు, నీళ్లు కలియబెడుతూ తిరిగే ఏరేటర్లు, ఐసు పెట్టెలతో లారీలు. పెంపకపు చేప ఇక్కడి నుంచి దేశమంతా వెళుతుంది. ఆ చేపను చూడ్డానికి కాదు మేం వచ్చింది.

కైకలూరులో గది తీసుకుని మధ్యాహ్నమంతా నిద్రపోయాం.

రెండో రోజు

ఐదున్నరకల్లా ఒక లంక గ్రామం రేవులో ఉన్నాం. మంచు ఇంకా విడలేదు. దోనెలు ఒక్కొక్కటే గట్టు చేరుతున్నాయి. అభయారణ్యంలో పాత పద్ధతిలో చేపలు పట్టుకోవడానికి స్థానికులకు వీలుంది, బయటివాళ్లకు లేదు. అందుకని ఆ పరిధిలో మేం వల నీళ్లలో పెట్టకూడదని ముందే అనుకున్నాం. వాళ్లు పట్టినవి చూడటం, కొలవడం, అడిగి రాసుకోవడం, అంతే.

వేలం పాట మొదలైంది. కొర్రమీనులు నీళ్ల తొట్టెల్లో ప్రాణంతో ఉన్నాయి. వాటికి వెంటనే బేరం కుదిరింది. తర్వాత జెల్లలు, బొమ్మిడాయిలు, ఒక వాలుగ. పావుగంటలో పాట అయిపోయింది, కొన్నవాళ్లు వెళ్లిపోయారు. గట్టు మీద ఒక కుప్ప మిగిలింది. వేలెడంత చేపలు, వెండి రంగువి, రెండు తట్టల నిండా. వాటి ముందు ఒక మామ్మ కూర్చుని ఏరుతోంది.

నేను పక్కన కూర్చుని ఒక చేప తీసి అడిగాను. "మామ్మా, దీన్నేమంటారు?"

"పిత్తపరిగె."

"మరి ఇది?"

"అదీ పిత్తపరిగే."

ఇంకోటి చూపించాను. ఆమె ఏరడం ఆపి నా వైపు చూసింది. "కొనుక్కోడానికి అడుగుతున్నావా అమ్మాయ్, తెలుసుకోడానికా?"

"తెలుసుకోడానికే మామ్మా."

"అయితే సరిగ్గా కూర్చో. నీ చీర తడుస్తుంది."

ఆ తర్వాతి గంటన్నరలో నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ ఈ వరుసలో లేదు. ఆమె చేపల్ని కూరను బట్టి వేరు చేస్తుంది. ఇది కడుపు పిండకపోతే చేదు. ఇది తలతో సహా వండొచ్చు. దీని ముల్లు గొంతులో దిగుతుంది, పిల్లలకు పెట్టకూడదు. ఇది ఎండబెడితేనే బాగుంటుంది, పచ్చిది నీరు కారిపోతుంది. ఆమె కుప్పలు పెడుతూ పోయింది, మా మేనల్లుడు ఒక్కో కుప్పలోంచి ఒక్కోటి తీసి గాజు పెట్టెలో వేసి చూస్తూ పోయాడు. ఆమె ఒక కుప్ప అన్నది దాదాపు ప్రతిసారీ శాస్త్రంలోనూ ఒక జాతే అయింది.

తోక మొదట్లో నల్ల చుక్క, వీపు రెక్క కింద ఇంకో మచ్చ ఉన్నది పుంటియస్ సొఫోర్. మొప్ప వెనక ఒక చుక్క, తోక వైపు ఇంకో చుక్క ఉన్న చిన్నది పెథియా టిక్టో. పై పెదవి దగ్గర్నుంచి పొట్ట సగం దాకా దారంలాంటి మీసం వేలాడేది ఎసోమస్ డాన్రికస్. బకెట్ మూత తీస్తే ఎగిరి బయటపడేది అదే. పిల్లలకు తలతో సహా పెట్టొచ్చని మామ్మ ప్రత్యేకంగా పక్కన పెట్టింది మోలా చేప. మోలా తలలో, కళ్లలో విటమిన్ ఎ బాగా ఉంటుందని పోషకాహార శాస్త్రం చెబుతుంది. కిలోల కొద్దీ పెరిగే పెద్ద చేపలో అంత ఉండదు. మామ్మకు విటమిన్ మాట తెలియకపోవచ్చు. పిల్లలకు ఏది పెట్టాలో మాత్రం తెలుసు.

ఒక్క చోట మేమిద్దరం తప్పు చేశాం. ఒళ్లంతా అద్దంలా ఉండి, లోపలి ఎముకలు కనిపించే చేపలన్నిటినీ ఒకే పేరు కింద రాసేశాను. మామ్మ వాటిని రెండు కుప్పలు చేసింది. "ఇది వేరు. దీని నోరు చూడు" అంది. భూతద్దంతో చూస్తే నిజమే. ఒకటి గుండ్రంగా ఉండే పారాంబాసిస్ రంగా. రెండోది కింది దవడ ముందుకు పొడుచుకు వచ్చిన చందా నామా. అది మిగతా చేపల పొలుసులు పీక్కుని తింటుంది, అందుకే ఆ దవడ. పుస్తకంలో కొట్టేసి మళ్లీ రాసుకున్నాను.

సొఫోర్, టిక్టో, మోలా, నామా, రంగా. లాటిన్‌లా వినిపించే ఈ పేర్లలో చాలావరకు బెంగాల్ జాలర్ల నోట విన్న మాటలే. ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల మీద 1822లో అచ్చువేసిన పుస్తకంలో వాటిని అలాగే ఉంచాడు. అంతకు ముందే 1803లో పాట్రిక్ రస్సెల్ అనే ఇంకో ప్రకృతి శాస్త్రవేత్త విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు అచ్చువేస్తూ, పక్కన తెలుగు జాలర్లు చెప్పిన పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాశాడు. అందులో వాలుగ ఉంది. ఆ మాటే తర్వాత శాస్త్రంలో వల్లాగో అనే ప్రజాతి పేరయింది. ఈ రోజు పాటలో అమ్ముడైన చేప శాస్త్రీయ నామం వల్లాగో అట్టు. ప్రపంచంలో ఎవరు ఆ చేప గురించి రాసినా తెలుగు మాట పలకాల్సిందే. ఇది మామ్మకు చెబితే, "మరి వాలుగని వాలుగ అనక ఏమంటారు?" అంది.

పెద్ద చేపకు పేరు ఉంది, ధర ఉంది, శాస్త్రంలో చోటూ దొరికింది. చిన్నవాటన్నిటికీ కలిపి పిత్తపరిగె. ఆ రోజు కుప్పలో మాకు పదకొండు జాతులు తేలాయి. వాటిని విడివిడిగా గుర్తుపట్టే మనిషి ఆ రేవులో నాకు కనిపించింది ఒక్కరే.

లేచేటప్పుడు మామ్మ, గాజు పెట్టెలో తీసిన ఫొటోలు కాగితం మీద వేయించి తెస్తావా అని అడిగింది. తెస్తానన్నాను.

మూడో రోజు

ఆమె కొడుకు వరసయ్యే ఒక బాబాయ్ మమ్మల్ని దోనెలో తీసుకెళ్లడానికి ఒప్పుకున్నాడు. గెడ వేసి దోనెను నడుపుతుంటే నీళ్ల కింద నాచు వంగి దారి ఇస్తోంది. లోతు చాలాచోట్ల నడుము మించి లేదు. సూర్యుడు రాకముందే గుర్రపుడెక్క అంచున ఆగి నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచాం. లీటరుకు రెండు మిల్లీగ్రాముల దగ్గర ఆగింది. రాత్రంతా మొక్కలు కూడా ఊపిరి పీల్చుకుంటాయి, వెలుతురు లేక కొత్త ఆక్సిజన్ తయారు కాదు. పైన డెక్క మూతలా కప్పేస్తే గాలి తగలదు. పెంపకపు రోహులాంటి చేప ఈ నీటిలో నోరు తెరుచుకుని పైకి తేలుతుంది.

కొల్లేటి సొంత చేపలు దీనికి ఎప్పుడో దారి వెతుక్కున్నాయి. కొర్రమీనుకూ మట్టగిడసకూ మొప్పల పైన గాలి నింపుకునే గది ఉంటుంది. మార్పు అనే చేపకు మొప్పల దగ్గర చెట్టు కొమ్మల్లా చీలిన అవయవం ఉంటుంది. ఇంగిలాయికి మొప్పల నుంచి వెన్ను పొడుగునా తోక వైపు సాగిన రెండు గాలి సంచులు ఉంటాయి. ఇవి పైకి వచ్చి గుటక వేసి మళ్లీ కిందికి పోతాయి. ఎంత నీళ్లున్నా, పైకి రానివ్వకపోతే కొర్రమీను నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది.

ఈ సంగతి బాబాయ్ మావు పెట్టే తీరులో కనిపించింది. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బోను. లోపలికి వెళ్లే దారి గరాటులా ఉంటుంది, చేప దూరగలదు కానీ తిరిగి రాలేదు. మావు తల మాత్రం నీటి పైకి ఉండేలా గెడకు కట్టాడు. నేను ఎందుకని అడిగితే, "గాలి తీసుకోవద్దాండి? తెల్లారేసరికి చచ్చిన కొర్రమీను ఎవరు కొంటారు?" అన్నాడు. 

మొదటి మావులో రెండు మట్టగిడసలు, జెల్లలు. రెండోదాంట్లో ఏమీ లేదు. మూడోది ఎత్తగానే బాబాయ్ మొహం మారింది. ఒంటి మీద పాలరాతి గీతల్లా మచ్చలున్న పెద్ద మార్పు లాంటిది పడింది. అది ఆఫ్రికా క్యాట్ ఫిష్. మన దేశంలో 2000లోనే దాని పెంపకాన్ని నిషేధించారు. గట్లు తెగినప్పుడో, వరదలోనో చెరువుల్లోంచి బయటపడి ఇక్కడికి చేరుతుంది. దొరికిందల్లా తింటుంది. మన నాటు మార్పు, క్లారియస్ మగుర్, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ జాబితాలో ఉంది. ఆ రోజు తీసిన పద్దెనిమిది మావుల్లో మాకు నాటు మార్పు ఒక్కటి కూడా కనిపించలేదు. బాబాయ్ చిన్నప్పుడు దాన్ని బాలింతలకు ప్రత్యేకంగా వండిపెట్టేవారట. "ఇప్పుడు చుట్టం చూపుకి వస్తాదండి" అన్నాడు.

ఆఫ్రికా చేపను నీళ్లలోకి తిరిగి వదల్లేదు. నాకు చేపను చంపడం ఇష్టం ఉండదు. అయినా ఆ విషయంలో ఆయన చేసింది సరైనదే.

పదకొండో మావులో ఇంగిలాయిలు పడ్డాయి. జానెడు పొడవు, ముదురు ఎరుపు గోధుమ రంగు, నాలుగు జతల మీసాలు. కొలుద్దామని మా మేనల్లుడు బకెట్‌లోకి చెయ్యి పెట్టాడు. నేను వద్దు అనేలోపే అయిపోయింది. పక్క రెక్క ముల్లు బొటనవేలి మొదట్లో దిగింది. ఆ ముల్లుకు విషం ఉంటుంది. నిమిషంలో వాడి మొహం తెల్లబోయింది, నొప్పి మోచేతి దాకా పాకిందని పళ్లు కరిచి చెప్పాడు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. నడి కొల్లేట్లో ఉన్నాం, ఫోన్ సిగ్నల్ లేదు.

బాబాయ్ కంగారుపడలేదు. దోనెను దగ్గర్లోని లంక వైపు తిప్పాడు. గట్టు మీది మొదటి ఇంట్లో నీళ్లు వేడి చేయించాడు. చెయ్యి కాలకుండా, ఓర్చుకోగలిగినంత వేడి. ముందు తన చెయ్యి పెట్టి చూసి తర్వాత వాడి చెయ్యి ముంచాడు. చల్లారిన కొద్దీ వేడినీళ్లు కలుపుతూ వచ్చింది ఆ ఇంటి ఆవిడ. ఈ విషం వేడికి విరిగిపోతుందని మేమూ చదివాం, కానీ దోనెలో ఆ క్షణాన ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. అరగంటకు నొప్పి తగ్గుముఖం పట్టింది. మధ్యాహ్నం కైకలూరులో డాక్టరు పుండు శుభ్రం చేసి, ముల్లు ముక్క లోపల లేదని చూసి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చాడు.

ఇంగిలాయిని ఎలా పట్టాలో బాబాయ్ తర్వాత చూపించాడు. తడి తువ్వాలు మీద వేసి, తల వెనక, రెండు రెక్క ముళ్ల మధ్యలో వేళ్లు బిగించి. ఎవరైనా ఈ పనికి వెళ్లేవాళ్లుంటే ఇది ముందు నేర్చుకోండి. ఒక ఫ్లాస్కు వేడినీళ్లు కూడా దోనెలో పెట్టుకోండి.

నాలుగో రోజు

వాడికి చెయ్యి వాచింది. పని పెట్టుకోలేదు. ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లి కూర్చున్నాం. ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు పెట్టుకుని ఉన్నాయి. గట్టు మీద నిలబడినవాళ్లందరూ పైకే చూస్తున్నారు. పిల్ల గూడబాతు తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తింటుంటే, అందులో ఏ చేప ఉందో అని నాకు ఆలోచన.



ఐదో రోజు

ఈ రోజు మా వలలకు పని దొరికింది. అభయారణ్యం దాటి, ఒక రైతు అనుమతితో వరి చేలల్లోకి దిగాం. కోతలకు ముందు చేలల్లోంచి నీళ్లు తీసేస్తున్నారు. మడి నుంచి బోదెలోకి, బోదె నుంచి మురుగు కాలవలోకి నీళ్లు జారుతుంటే, వాటితో పాటు నాలుగు నెలలు ఆ మడిలోనే పుట్టి పెరిగిన చేపలూ బయటికొస్తాయి. గండి దగ్గర వల అడ్డం పెట్టుకుని కూర్చుంటే చాలు.

చేపల్ని పట్టే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చెయ్యి తగిలితే చేప ఒంటి మీది జిగురు ఊడిపోతుంది, ఆ చోట బూజు పడుతుంది. బకెట్‌లోకి ఆ బోదె నీళ్లే తీసుకోవాలి. వదిలేటప్పుడు ఎక్కడ పట్టామో అక్కడే వదలాలి. ఒక చోట వాడిన వలను ఎండబెట్టకుండా ఇంకో నీటిలో పెట్టకూడదు, రోగాలూ నాచుముక్కలూ గుడ్లూ దానితో ప్రయాణం చేస్తాయి. ఈ జాగ్రత్తలకు టైమ్ పడుతుంది. గంటకు ఇరవై చేపలు చూస్తే ఎక్కువ.

నీటి పైపొరలో, గడ్డి పరకల మధ్య, తల మీద వెండి బొట్టు మెరిసే చేప ఒకటి ఉంటుంది. అప్లోకైలస్. నిలకడగా ఆగి ఉంటుంది, దోమపిల్ల కదిలితే ఒక్క దూకు. అది చూస్తున్నంతసేపూ నాకు గంబూసియా గుర్తొచ్చింది. దోమల్ని తింటుందని 1928లో ఈ దేశానికి తెచ్చిన అమెరికా చేప అది. ఇప్పటికీ ఊరూరా కుంటల్లో వదులుతున్నారు. అది దోమపిల్లలతో పాటు మన చేపల గుడ్లూ పిల్లలూ తింటుంది, పెద్దవాటి రెక్కలు కొరుకుతుంది. ఆ పని చేసే చేప మన బోదెల్లోనే తల మీద బొట్టు పెట్టుకుని ఉంది. ఆ రోజు మేం చూసిన నాలుగు బోదెల్లో మూడింట్లో అప్లోకైలస్ ఉంది. నాలుగోది ఊరికి ఆనుకుని ఉన్న మురుగు బోదె. అందులో గంబూసియా తప్ప ఆ సైజు చేప ఇంకొకటి కనిపించలేదు. ఒక్క బోదెను చూసి తీర్పు చెప్పకూడదని మా మేనల్లుడు అన్నాడు, వాడి మాట నిజమే. అయినా నాకు బాధ కలిగింది.

మధ్యాహ్నం అనబాస్ కనిపించింది. చెట్టెక్కే చేప అని పేరుపడింది ఇదే. 1791లో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో డాల్డార్ఫ్ అనే లెఫ్టినెంట్ దీన్ని తాటిచెట్టు మీద చూశానని రాశాడు. చెట్టు సంగతి ఎలా ఉన్నా, నేల మీద నడవడం నేను కళ్లారా చూశాను. మడి ఆరిపోతుంటే అది గట్టు మీదికి వచ్చింది. రంపంలాంటి మొప్ప మూతను విప్పి మట్టిలో గుచ్చుతుంది, తోకతో నెట్టుకుంటుంది, ఇంకో వైపు మూత గుచ్చుతుంది. రెండు గజాల దూరం దాటి బోదెలో పడటానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ మేమిద్దరం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఎత్తి బోదెలో వేద్దామని ఒకసారి చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాను. దానికి దారి తెలుసు.

గట్టు మీద కూర్చున్న రైతు, చిన్నప్పుడు వాళ్ల అమ్మ ఈ రోజుల్లో కూరగాయలు కొనేది కాదని చెప్పాడు. మడి నీళ్లు తీసిన వారమంతా ఇంట్లో చేపల కూరే. పురుగు మందులు పెరిగాక మడిలో చేప తగ్గిందట. మందు కొట్టిన మరునాడు బోదెలో తెల్లగా తేలిన పిత్తపరిగెల్ని కాకులు కూడా ముట్టవని అన్నాడు.

సాయంత్రం ఫొటో స్టూడియోలో ముప్పై నాలుగు ఫొటోలు ప్రింటు వేయించాను.

ఆరో రోజు

పొద్దున్నే ఉప్పుటేరు వెంట కిందికి వెళ్లాం. ఆకివీడు దగ్గర నీళ్లలో ఉప్పు దాదాపు లేదు. సముద్రం వైపు వెళుతూ ఆగిన ప్రతి చోటా కొలిస్తే కొంచెం కొంచెంగా పెరుగుతూ వచ్చింది. వెయ్యింటికి మూడు, ఏడు, పదకొండు. సముద్రం నీళ్లయితే ముప్పై ఐదు దాకా ఉంటుంది. చేపలు కూడా ఆ అంకెతో పాటే మారాయి. ఇసుకదొందులు అన్ని చోట్లా ఉన్నాయి. పరిగెలు తగ్గిపోయాయి. బురద మీద గెంతే చేపలు, కేరళవాళ్లు కరిమీన్ అనే చుక్కల చేప మొదలయ్యాయి.

ఒక చిన్న మలుపులో, మడ మొక్కల నీడలో, మూడు సెంటీమీటర్ల చేప దొరికింది. ఒరైజియస్ డాన్సెనా. గాజు పెట్టెలో వేసి లైటు పట్టగానే పొట్ట కింద సన్నటి దారాలతో వేలాడుతున్న గుడ్ల గుత్తి కనిపించింది. ఆడచేప గుడ్లు పెట్టి వదిలేయకుండా కొంతసేపు అలా మోసుకుని తిరుగుతుంది, తర్వాత నాచుకు తగిలిస్తుంది. ఒక్క ఫొటో తీసి, గుడ్లు రాలకుండా పెట్టెనే నీళ్లలో ముంచి వదిలేశాను.

అక్కడి జాలరి వలలో కిలో ఉండే పండుగప్ప పడింది. దీని బతుకు ఉప్పుటేరు లాంటి దారుల మీదే ఆధారపడి ఉంటుంది. గుడ్లు ఉప్పునీటి దగ్గర పెడుతుంది, పిల్లలు తీపి నీటిలోకి ఎక్కి పెరుగుతాయి. ముందు మగచేపగా ఉండి, పెద్దయ్యాక ఆడచేపగా మారుతుంది. దారిలో పూడిక, డెక్క, అడ్డుకట్టలు పడితే పిల్లలు పైకి రావు, పెద్దవి కిందికి పోవు. పాత రోజుల్లో కొల్లేటి నడిమధ్యలో కూడా పండుగప్ప పడేదని బాబాయ్ మొన్న చెప్పాడు. 

సాయంత్రం రైలుకు ముందు మళ్లీ రేవుకు వెళ్లాను. మామ్మ ఇంటి అరుగు మీద కూర్చుంది. ఫొటోలు ఇచ్చాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఒక్కోటి చూసి, మొన్న చేపల్ని ఏరినట్టే అరుగు మీద కుప్పలు పెట్టడం మొదలుపెట్టింది. నేను పుస్తకం తీశాను.

"ఇవి రోజూ వచ్చేవి. ఇవి డిసెంబరు దాకా, మళ్లీ రావు. ఇవి రెండూ గాలి తిరిగినప్పుడు." గంబూసియా ఫొటో తీసి కుప్పల్లో కలపకుండా నాకు తిరిగి ఇచ్చేసింది. "ఇది మాది కాదు." 

మనవరాలు వచ్చి పక్కన కూర్చుంది. ఆ పిల్లకు పదేళ్లుంటాయి. మామ్మ చెబుతుంటే ఫొటోల వెనక పెన్నుతో రాస్తానంది. పెన్ను ఇచ్చాను. మోలా ఫొటో వెనక "కడుపు తీయక్కర్లేదు" అని రాసింది. పెథియా టిక్టో వెనక "చేదు, పిండాలి" అని రాసింది.

అన్నీ అయ్యాక మామ్మ కుప్పల్ని ఇంకోసారి వెతికింది. "మరి దాని ఫొటో ఏదీ?" అంది. ఏదని అడిగాను. అరచెయ్యి నిలువుగా పట్టి చూపించింది. ఇంత వెడల్పు, కత్తిలా పల్చగా. కింద రెక్క పొట్ట నుంచి తోక దాకా చీర కుచ్చిళ్లలా ఆడుతూనే ఉంటుంది. ముల్లు ఎక్కువ, రుచి కూడా ఎక్కువ.

నోటోప్టెరస్. ఆరు రోజుల్లో మాకు ఒక్కటీ దొరకలేదు.

"ఎప్పుడు పడుతుంది మామ్మా?"

"తొలకరికి. ముందు రెండు వానలు పడనీ. అప్పుడు రా."

మనవరాలు నా పుస్తకం లాక్కుని ఖాళీ పేజీలో ఆ చేప బొమ్మ వేసింది. కింద రెక్కకు కుచ్చిళ్లు మామ్మే పెన్ను తీసుకుని గీసింది. ముప్పై ఐదో నంబరు వేసి, పక్కన జూన్ అని రాసుకున్నాను.